ఒకే ధరలో రెండు ఇయర్ మానిటర్లు, మధ్యలో పది ఓమ్‌లు: సాలిగ్రామం నుంచి ఒక కేసు

గత ఏడాది శ్రావణమాసంలో ఒక రాత్రి పది దాటాక భీమవరం తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, లక్ష రూపాయలు పెట్టబోతున్నానండి. మీరొక్కసారి సరే అనండి చాలు, పొద్దున్నే కొనేస్తాను" అన్నాడు. గొంతులో సంతోషం ఎంతుందో టెన్షనూ అంతే ఉంది. ఏం కొంటున్నావని అడిగితే ఇయర్ మానిటర్లు (పాటల పనివాళ్లు చెవిలో బిగించుకునే ఇయర్‌ఫోన్లు) అన్నాడు. రెండు జతలు ఇంటికి తెచ్చుకున్నాడట. ఒకటి షూర్ ఎస్‌ఈ 846, రెండోది సెన్‌హైజర్ ఐఈ 900. "ఇంటర్‌ఫేస్‌లో పెడితే 900 బాగుందండి. ఫోన్‌లో పెడితే 846 బ్రహ్మాండంగా ఉంది. ఏది నమ్మాలో తెలియడం లేదు."

ఇంటర్‌ఫేస్‌లో (కంప్యూటరుకు తగిలించే ఆడియో పెట్టెలో) ఒకటి, ఫోన్‌లో ఇంకొకటి అన్న ఆ ఒక్క మాటతోనే, సరే అనడం మానేసి రెండూ పట్టుకుని మా గదికి రమ్మన్నాను.

నేను చెన్నైలో పంతొమ్మిదేళ్లుగా సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఈ తమ్ముడు కీబోర్డ్ ప్లేయరు, ప్రోగ్రామరు. సాలిగ్రామంలో రెండో అంతస్తులో అద్దెకుంటాడు, ఇంటివాళ్లు కింది అంతస్తులో ఉంటారు. రాత్రి పది తర్వాత స్పీకర్లు పెట్టడానికి లేదు. పగలు పెట్టుకుందామంటే ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో పనుల హోరు. పైగా హైదరాబాద్ నుంచి కరెక్షన్లు సాయంత్రం వస్తాయి, పొద్దున్న పదికల్లా ఫైలు వెళ్లిపోవాలి. అంటే మిక్సింగ్ మొత్తం రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము దాకా, చెవిలో పెట్టుకుని చేయాల్సిందే. నెలకు ఒకటో రెండో స్టేజి ప్రోగ్రాములు కూడా ఉంటాయి. పాత జత కేబులు దగ్గర తెగిపోయింది. ఒక సినిమాకు బ్యాక్‌గ్రౌండ్ పని చేసినందుకు మొదటిసారి పెద్ద చెక్కు వచ్చింది, అందులోంచి ఈ లక్ష. ఆ డబ్బు వెనకాల ఎన్ని రాత్రులున్నాయో నాకు తెలుసు కాబట్టి ఈ కేసును నా సొంత కొనుగోలు కన్నా జాగ్రత్తగా చూశాను.

రెండింటి గురించి రెండు మాటలు. షూర్ 846 వచ్చింది 2013లో, 999 డాలర్ల ధరతో. ఐఈ 900 వచ్చింది 2021లో, 1,299 డాలర్లకు. మాకు ఇక్కడ దొరికిన ధరల్లో మాత్రం తేడా పదివేల లోపే. 846లో నాలుగు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (సన్నని లోహపు రేకు ఊగి శబ్దం చేసే చిన్న డ్రైవర్లు) ఉంటాయి. బేస్‌కు రెండు, మధ్య స్వరాలకు ఒకటి, పైవాటికి ఒకటి. బేస్ ఆర్మేచర్ల ముందు, ఒకదానికొకటి వెల్డ్ చేసిన పది స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుల ఫిల్టరు పెట్టారు. ఆ రేకుల్లో చెక్కిన సన్నని మెలికల దారి పొడవు నాలుగు అంగుళాలు. దాని వల్ల సుమారు 75 హెర్ట్జ్ నుంచే బేస్ ఆర్మేచర్ల శబ్దం వాలిపోతుంది, గొంతు మీదకు పాకదు. ఐఈ 900లో ఉన్నది 7 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్ (చిన్న స్పీకరు లాంటిది) ఒక్కటే. అల్యూమినియం దిమ్మను మరతో తొలిచి డబ్బా చేశారు, నాజిల్ దగ్గర అదే లోహంలో మూడు చిన్న రెజొనేటర్ గదులు మలిచారు. ఒకటి నలుగురు పంచుకుని చేసే పని, ఇంకొకటి ఒక్కడే మోసే పని. ధర ఒకటైనా లోపలి ఆలోచన పూర్తిగా వేరు.

తమ్ముడు నోట్సు రాసుకుని వచ్చాడు. ఇంటర్‌ఫేస్ మీద 846కు: "గొంతు ఎక్కడో వెనక ఉంది, ఎడమవైపు తక్కువ." 900కు: "కాస్త చప్పగా, కానీ సరిగ్గా." ఫోన్‌కు పెట్టే చిన్న డాంగిల్ మీద 846కు: "సూపర్. క్లియర్. ఇదే." 900కు: "మళ్లీ అలాగే."

ముందు ఎడమవైపు సంగతి తేల్చాను. కేబులును కుడి ఎడమలు మార్చి తగిలిస్తే తక్కువదనం ఇయర్‌పీసుతో పాటే వెళ్లింది. అంటే కేబులు, ఇంటర్‌ఫేస్ రెండూ బాగానే ఉన్నాయి. టార్చి వేసి చూస్తే ఎడమ నాజిల్ మొదట్లో గులిమి గడ్డకట్టి ఉంది. తమ్ముడిది కాదు, డెమో జత గనక అంతకు ముందు ఎవరి చెవిలోనో ఉండి వచ్చింది. 846 నాజిల్‌ను చిన్న తాళం లాంటి పనిముట్టుతో విప్పి లోపలి గొట్టాన్ని మార్చుకోవచ్చు. మొదటి తరం 846 పెట్టెలో నీలం, నలుపు, తెలుపు అని మూడు రకాలు వచ్చేవి. నీలం మామూలుది. తెలుపు 1 నుంచి 8 కిలోహెర్ట్జ్ వరకు రెండున్నర డెసిబెల్ పెంచుతుంది, నలుపు అంతే తగ్గిస్తుంది. రెండు వైపులా తెలుపు పెట్టి చూస్తే కుడి ఎడమలు సమానమయ్యాయి. లోపం నీలం గొట్టంలోనే అని తేలిపోయింది. మర్నాడు షాపుకు వెళ్లి కొత్త నీలం జత అడిగి తెచ్చాం. డెమో జతలను ఒక చెవి నుంచి ఇంకో చెవికి పంపేటప్పుడు తుడవకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఆరోగ్యం సంగతి ఒకటైతే, ఆ కుడి ఎడమల తేడా విని మంచి వస్తువును వద్దనుకుని వెళ్లిపోయిన వాళ్లు ఎందరో!

తర్వాత వాల్యూము. ఇక్కడ స్పెసిఫికేషన్ కాగితం తమ్ముణ్ని తప్పుదారి పట్టించింది. 846కు 114 డెసిబెల్ అని, 900కు 123 డెసిబెల్ అని రాసి ఉంటుంది. చూడగానే 900 ఎక్కువ గట్టిగా మోగుతుందనిపిస్తుంది. కానీ మొదటిది ఒక మిల్లీవాట్‌కు చెప్పిన అంకె, రెండోది ఒక వోల్టుకు చెప్పినది. 846 ఇంపీడెన్సు, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, 9 ఓమ్‌లు. ఒక వోల్టు ఇస్తే 111 మిల్లీవాట్లు తాగుతుంది. దాన్ని డెసిబెల్‌లోకి మారిస్తే ఇరవైన్నర. 114కు అది కలిపితే 134 పైచిలుకు. అంటే వాల్యూము నాబ్ ఒకే చోట ఉంచితే 846 దాదాపు పదకొండున్నర డెసిబెల్ ఎక్కువ గట్టిగా వినిపిస్తుంది. తమ్ముడు డాంగిల్ మీద విన్న "సూపర్"లో సగం ఇదే. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని గట్టిదనంగా పట్టుకోదు, క్లారిటీ అనుకుంటుంది. చాలా ఏళ్లు నేనూ అలాగే మోసపోయాను. ఇప్పుడైతే కప్లర్‌లో పెట్టి, ఒకే శబ్దంతో రెండింటినీ పావు డెసిబెల్ లోపలికి సరిచేశాకే ఎవరికైనా వినిపిస్తాను.

కప్లర్ గురించి ఒక మాట. నా దగ్గరున్నది చెవి కాలువలా ప్రవర్తించేలా చేసిన లోహపు గొట్టం, 711 అంటాం. ఖరీదైన అసలుది కాదు, దాని నకలు. 8 కిలోహెర్ట్జ్ దగ్గర దానికి సొంత రెజొనెన్సు ఉంటుంది, ఆ పైన చూపించే గీతను నేను నమ్మను. రెండు జతలను పోల్చడానికి, కింది నుంచి ఆరేడు వేల హెర్ట్జ్ దాకా మాత్రం చక్కగా పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. ఇంటర్‌ఫేస్ మీద ఎందుకు వెనక్కి పోయింది, డాంగిల్ మీద ఎందుకు ముందుకొచ్చింది?

రెండొందల హెర్ట్జ్ టోన్ ఒకటి వేసి, తమ్ముడి ఇంటర్‌ఫేస్ హెడ్‌ఫోన్ జాక్ దగ్గర మల్టీమీటరు పెట్టాను. ఏమీ తగిలించకుండా 500 మిల్లీవోల్టులు వచ్చేలా నాబ్ తిప్పాను. తర్వాత 33 ఓమ్‌ల రెసిస్టరు అడ్డంగా పెడితే మీటరు 384కు పడింది. 500ను 384తో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణిస్తే పది వస్తుంది. ఆ జాక్ తన లోపలే పది ఓమ్‌లు దాచుకుని ఉందన్నమాట. అదే పరీక్ష డాంగిల్ మీద చేస్తే 500 కాస్తా 493 అయింది, అంటే అర ఓమ్. తమ్ముడు మీటరు వైపు చూస్తూ ఉండిపోయాడు. "అన్నయ్యా, ఇది నాలుగేళ్ల నుంచి నా దగ్గరే ఉందండీ" అన్నాడు.

పది ఓమ్‌లతో వచ్చే చిక్కు ఇది. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు, వాటి మధ్య స్వరాలను పంచే క్రాసోవర్లు ఉన్న జతకు ఇంపీడెన్సు అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. 9 ఓమ్‌లు అని రాసింది ఒక చోట సంగతి. ఉదాహరణకు ఒక స్వరం దగ్గర 6, ఇంకో స్వరం దగ్గర 15 అనుకోండి. వెనకాల పది ఓమ్‌లు కూర్చుంటే మొదటి చోట ఎనిమిదిన్నర డెసిబెల్ పోతుంది, రెండో చోట నాలుగున్నరే పోతుంది. మధ్యలో నాలుగు డెసిబెల్ తేడా! ఇంజినీరు చేయని ఈక్వలైజర్ ఒకటి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. డైనమిక్ డ్రైవర్ ఒక్కటే ఉన్న 900కు ఇంపీడెన్సు దాదాపు తిన్నని గీత, కాబట్టి శబ్దం తగ్గుతుంది గానీ దాని రంగు, అంటే స్వరాల పాళ్లు, మారదు. తమ్ముడి నోట్సులో 900 గురించి "మళ్లీ అలాగే" అని ఉంది చూడండి, ఆ రెండు మాటల్లో అతని చెవి నిజమే చెప్పింది. దాన్ని అతను పొగడ్తగా తీసుకోలేదంతే. ఇయర్ మానిటరు ఇంపీడెన్సులో ఎనిమిదో వంతు కన్నా తక్కువ ఉండాలి జాక్ ఇంపీడెన్సు అని మా పనిలో ఒక లెక్క. 846కైతే అది ఒక ఓమ్ పైచిలుకు.

నేను చెప్పాను కదా అని నమ్మడం నాకిష్టం లేదు. రిచీ స్ట్రీట్‌లో పది ఓమ్‌ల రెసిస్టర్లు కొన్ని కొనుక్కొచ్చి చిన్న అడాప్టరు చేశాను. పైకి ఒకేలా కనిపించే రెండు అడాప్టర్లు. ఒకదాంట్లో రెండు చానెళ్లకూ రెసిస్టర్లు, ఇంకోదాంట్లో ఉత్త తీగ. నిజానికి రెండు వేర్వేరు ఇయర్ మానిటర్లను కళ్లకు గంతలు కట్టి పోల్చడం కుదరదు, చెవిలో పెట్టగానే ఆకారం, బరువు చెప్పేస్తాయి. కానీ ఒకే జతను రెండు అడాప్టర్ల మధ్య మారిస్తే చెవికి శబ్దం తప్ప ఇంకో ఆధారం దొరకదు. వాల్యూము సరిచేసి పన్నెండు సార్లు మార్చాను. 846తో పదకొండు సార్లు సరిగ్గా చెప్పాడు. 900తో ఏడుసార్లు. ఊరికే బొమ్మా బొరుసూ వేసినా ఆరు వస్తాయి. ఆ తర్వాత అతనికి నేను వివరించాల్సింది ఏమీ మిగల్లేదు.

అప్పుడు అసలు వినడం మొదలుపెట్టాం, రెండూ డాంగిల్ మీదే, వాల్యూము కలిపి. టిప్పులకు, అంటే చెవిలో కూర్చునే మెత్తని తొడుగులకు, చాలాసేపు పట్టింది. తమ్ముడి కుడిచెవి కాలువ కాస్త పెద్దది. మీడియం సిలికాన్ టిప్పుతో కుడివైపు గాలి దూరి బేస్ జారిపోతోంది. కుడికి లార్జ్, ఎడమకు మీడియం పెట్టాక శబ్దం రెండు చెవుల మధ్యలో నిలబడింది. టిప్పు సరిగ్గా కూర్చోకపోతే కింద వచ్చే నష్టం ముందు లక్ష రూపాయల వస్తువులు రెండింటి మధ్య తేడా దిగదుడుపే.

నేను పరీక్షకు వాడేది రెండే రికార్డింగులు. రెండూ మా గదిలో తీసినవే, కంప్రెషను లేదు, స లాంటి అక్షరాల రాపిడి తగ్గించే డీఎస్సరు లేదు. మొదటిది మృదంగం ఒక్కటే. ఎడమవైపు తొప్పి మీద మణికట్టు ఒత్తుతూ వాయించే గుమికి ఉంటుంది కదా, ఆ నాదం మొదలైన చోటు నుంచి పైకి వంగుతూ పోతుంది. 900లో ఆ వంపు చివరి దాకా చెవికి అందింది. చర్మం వదులై మళ్లీ బిగుసుకోవడం, ఆఖర్న గాలి మాత్రమే మిగలడం కూడా. 846లో బరువు తక్కువేమీ కాదు, దెబ్బ పడ్డప్పుడు గుండెకు తెలుస్తుంది. అయితే ఆ వంపు సగం దారిలో ఇంకో చేతికి అందించినట్టు అనిపించింది. కుడివైపు చాపు దెబ్బ మాత్రం 846లో ఎంత స్పష్టమంటే, వేలు ఎక్కడ తగిలిందో చూపించగలను.

రెండోది ఒక గాయని గొంతు, పల్లవి ఒక్కటే. తెలుగులో శ, ష, స పక్కపక్కనే వచ్చే పదాలు పాడించుకుని ఉంచుకున్నాను. ఈ మూడూ వేర్వేరు ఎత్తుల్లో రాపిడి చేస్తాయి, స అన్నింటికన్నా పైన ఉంటుంది. 846లో ఆమె గొంతు అడుగు దూరంలో నిలబడి పాడినట్టుంది, మాటకు నిండుదనం ఉంది, ఊరికే వినడానికైతే నేను దాన్నే ఎంచుకునేవాణ్ని. కానీ స చివర పైకి లేచే గాలి అందులో తొందరగా ముగిసిపోతుంది. 900లో గొంతు ఒక అడుగు వెనక్కి జరిగింది, స మాత్రం మొత్తం ఉంది. కొంచెం ఎక్కువే ఉందనుకోండి. తెలుపు గొట్టాలు పెట్టి 846ను మళ్లీ విన్నాం. శ, ష ముందుకొచ్చాయి, స పైన ఉండే గాలి రాలేదు. ఆ గొట్టం పనిచేసేది 8 కిలోహెర్ట్జ్ దాకానే కదా.

వినడంతో ఆగితే ఎవరి ఇష్టం వాళ్లది. అతను కొంటున్నది పని కోసం. అందుకని ఒకే పాటను రెండు వేర్వేరు రాత్రులు, మొదటిది 900తో, రెండోది 846తో, మొదటి మిక్సు వినకుండా బ్యాలెన్సు చేసి తెమ్మన్నాను. రెండు రాత్రులూ డాంగిలే. రెండు ఫైళ్లనూ మా గదిలో నియర్‌ఫీల్డ్ (దగ్గర కూర్చుని వినే) స్పీకర్ల మీద వేశాం.

900తో చేసిన మిక్సులో గొంతు ఒకటిన్నర డెసిబెల్ పైన ఉంది, బేస్ ఒక డెసిబెల్ తక్కువ. చెవిలో గొంతు వెనక్కి వినిపించింది కాబట్టి చెయ్యి దాన్ని ముందుకు నెట్టింది. బేస్ ఎక్కువ వినిపించింది కాబట్టి తగ్గించింది. 846తో చేసినదాంట్లో గొంతు అచ్చు తగిన చోటే కూర్చుంది, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ పది కిలోహెర్ట్జ్ నుంచి పైనున్నవన్నీ ఈక్వలైజర్‌తో మూడు డెసిబెల్ ఎత్తాడు. తాళాలు, షేకర్లు, స అక్షరాలు అన్నీ కలిసి చెవిలో ఇసుక పోసినట్టున్నాయి. పాట రెండో చరణానికి వచ్చేసరికి తమ్ముడే స్పీకర్ల వాల్యూము తగ్గించేశాడు.

నా తీర్పు ఇక్కడే తేలింది. గొంతు ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ పెడుతున్నానని తెలిస్తే, నెల రోజుల్లో చెయ్యి దానికి అలవాటు పడుతుంది. ఆ లోతును ఈక్వలైజర్‌తో కొంత పూడ్చుకోవచ్చు కూడా. అసలు చెవికి చేరని పై స్వరాలను ఎంత అలవాటైనా పట్టుకోలేం. ఆర్మేచరు ఇవ్వలేని గాలిని ఈక్వలైజర్‌తో పెంచబోతే వచ్చేది రొద. పైగా తమ్ముడు నాలుగు చోట్ల పనిచేస్తాడు, ఒక్కో చోట ఒక్కో ఇంటర్‌ఫేసు. ఏ జాక్‌లో పెట్టినా రంగు మారని వస్తువు అతనికి అవసరం. 900 తీసుకోమన్నాను.

"మరి స్టేజికండీ?" అని అడిగాడు. సరైన ప్రశ్నే. డ్రమ్ముల పక్కన నిలబడి వాయించేవాడు అడిగితే రెండో ఆలోచన లేకుండా 846 చెప్పేవాణ్ని. సరైన టిప్పుతో బయటి శబ్దాన్ని 37 డెసిబెల్ దాకా ఆపుతుందని కంపెనీ చెబుతుంది, చెవిలో అది నిజంగానే బిరడా పెట్టినట్టు కూర్చుంటుంది. గాలి రంధ్రం ఉన్న 900 అంత ఆపదు. ఆపకపోతే స్టేజి మీద మనం వాల్యూము పెంచుతాం, ఆ పెంచడం చెవులకే చేటు. 85 డెసిబెల్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్‌కూ సమయం సగం తగ్గుతుంది అని అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ లెక్క. 94కు వచ్చేసరికి మిగిలేది గంట. అయితే తమ్ముడికి స్టేజి నెలకు రెండు రోజులు, మిక్సింగ్ ఇరవై రాత్రులు. పాత జత కేబులు మార్పించి, చెవి అచ్చు తీయించి దానికే కస్టమ్ టిప్పులు చేయించుకోమన్నాను. దానికైన ఖర్చు లక్షలో పదో వంతు కూడా లేదు.

కొన్న నెలలో రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి, కుడివైపు పై స్వరాలు తగ్గాయని కంగారు. రాత్రంతా చెమటలో పెట్టుకుని అలాగే డబ్బాలో మూసేశాడు, నాజిల్ జాలీ మీద తేమ. డబ్బాలో సిలికా జెల్ పొట్లం పడేయమన్నాను, పొద్దునకు సర్దుకుంది. చెన్నై ఉక్కపోతలో ఇది ఎవరికైనా వస్తుంది. రెండోసారి, ఇంటర్‌ఫేస్ మార్చేయాలా అని అడిగాడు. అక్కర్లేదు, నీ జతకు ఆ పది ఓమ్‌లు అడ్డం కాదు, ఆ డబ్బుతో గదికి రెండు అకౌస్టిక్ ప్యానెళ్లు చేయించుకో అన్నాను.

మాఘమాసంలో ఒక మిక్సు పంపాడు. స్పీకర్ల మీద వేసి, నా బ్యాలెన్సుతో పోల్చి చూశాను. గొంతు అర డెసిబెల్ పైన ఉంది. బేస్‌లో తేడా లేదు. ఫోన్ చేసి అర డెసిబెల్ సంగతి చెబితే, "తెలుసండి, ఆ పాటకి గొంతు అలాగే ఉండాలనిపించింది" అన్నాడు.